కంట్రోల్ ప్లేటు కొట్టుకుంటోంది: డీఎంఎస్‌ఓతో నా తంటాలు, ప్రాజెక్టు డైరీ

డిసెంబర్ 18

పొద్దున్నే ల్యాబ్‌కొచ్చి చూస్తే కిటికీ పక్క షెల్ఫ్ మీద డీఎంఎస్‌ఓ (డైమిథైల్ సల్ఫాక్సైడ్, నీళ్ళల్లో కరగని మందుల్ని కరిగించే ద్రవం) సీసా గడ్డకట్టుకుపోయి ఉంది. చలికాలం ఇంట్లో కొబ్బరినూనె సీసా బిగుసుకుపోతుంది చూడండి, అచ్చం అలాగే, కాకపోతే ఇది ఐసులా ఉంటుంది. దీని ఫ్రీజింగ్ పాయింట్ 18.5 డిగ్రీలు కాబట్టి హైదరాబాద్ డిసెంబర్ తెల్లవారుజాము చాలు దీనికి. కొత్తగా చేరిన ఎమ్మెస్సీ అబ్బాయి కంగారుపడి "అక్కా పాడైపోయిందా, పారేయమంటారా" అన్నాడు, వద్దురా బాబూ, 37 డిగ్రీల వాటర్ బాత్‌లో కాసేపు పెట్టు అదే కరుగుతుంది అని చెప్పా. కరిగాక బాగా తిప్పి వాడాలి. మూత మాత్రం ఊరికే తీసి పెట్టకూడదు, గాల్లో తడిని ఉప్పులా పీల్చేసుకుంటుంది, వానాకాలం అయితే ఇంకా ఘోరం.

సరే ప్రాజెక్టు ఏంటో రాసిపెట్టుకుంటా, ఆర్నెల్ల తర్వాత నాకే అర్థం కాదు లేకపోతే. పీ19 అని చిట్టెలుక సెల్ లైన్ ఒకటి ఉంది, ఎంబ్రియోనల్ కార్సినోమా రకం, అంటే పిండం కణాల నుంచి వచ్చిన ట్యూమర్‌లోంచి తీసినవి. స్టెమ్ సెల్స్‌లాగే ఏదైనా అవ్వగలవు, కానీ అసలు స్టెమ్ సెల్స్ అంత నఖరాలు ఉండవు, కింద ఫీడర్ సెల్స్ పరవక్కర్లేదు, ఖరీదైన గ్రోత్ ఫ్యాక్టర్లు అక్కర్లేదు, మా ల్యాబ్ బడ్జెట్‌కి సరిగ్గా సరిపోయే కణాలు. వీటికి రెటినాయిక్ యాసిడ్ (విటమిన్ ఏ నుంచి వచ్చేది) ఇస్తే న్యూరాన్లు, అంటే నరాల కణాలు అవుతాయి. నా పని ఏంటంటే, పసుపులో ఉండే కర్కుమిన్ ఆ న్యూరాన్లు తయారయ్యే దారిలో అడ్డుపడుతుందా, సాయం చేస్తుందా, ఏ డోసు దగ్గర చంపేస్తుందా అని చూడటం. పసుపు గురించి మంచి తప్ప చెడు చెప్పకూడదన్నట్టు ఉంటుంది మన దగ్గర వ్యవహారం, అందుకే నాకు ఈ టాపిక్ నచ్చింది.

కర్కుమిన్ నీళ్ళల్లో కరగదు. రెటినాయిక్ యాసిడ్ కూడా కరగదు. రెండూ డీఎంఎస్‌ఓలో హాయిగా కరుగుతాయి. ఇక్కడ మొదలైంది మొత్తం కథ, అప్పుడు నాకు తెలీదు.

జనవరి 5

ఇవాళ లిక్విడ్ నైట్రోజన్ డబ్బాలోంచి ఒక వయల్ తీసి కణాలు కరిగించా. ఫ్రీజ్ చేసేటప్పుడు 10 శాతం డీఎంఎస్‌ఓ కలుపుతారు, లేకపోతే కణం లోపల ఐసు సూదులు తయారై పొరని చీల్చేస్తాయి. 1959లో లవ్‌లాక్, బిషప్ అనే ఇద్దరు చూపించిన పద్ధతి, ఇప్పటికీ అదే నడుస్తోంది.

కరిగించాక 1 ఎమ్మెల్‌ని 9 ఎమ్మెల్ మీడియాలో (కణాలకి తిండి పెట్టే ద్రవం) వేసి, తిప్పి కింద కూర్చోబెట్టి, పైన నీరు పీల్చేసి కొత్త మీడియాలో వేసుకోవాలి. కొంతమంది సెంట్రిఫ్యూజ్‌లో కణాలు దెబ్బతింటాయని అలాగే ఫ్లాస్క్‌లో పోసేసి మర్నాడు మీడియా మారుస్తారు. అలా చేస్తే రాత్రంతా 1 శాతం డీఎంఎస్‌ఓలో ఉన్నట్టే కదా లెక్క. నేను మాత్రం తిప్పేశాను. ఈ 1 శాతం అనే నంబరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

జనవరి 8

కణాలు బాగా పెరిగాయి, ఇవాళ రోజు 0. మామూలు కల్చర్ డిష్‌లో కాకుండా బ్యాక్టీరియా వాళ్ళు వాడే సాదా పేట్రీ ప్లేట్లలో వేశా, ఎందుకంటే వాటి అడుగుకి కణాలు అతుక్కోలేవు, అతుక్కోవడానికి ఏమీ దొరక్క ఒకదాన్నొకటి పట్టుకుని ఉండలు కడతాయి. రెండో రోజుకి చూస్తే సన్న సగ్గుబియ్యం తేలుతున్నట్టు ఉంటుంది. ప్లేటుకి 10 ఎమ్మెల్, ఎమ్మెల్‌కి లక్ష కణాలు.

మూడు రకాల ప్లేట్లు. ఒకటి రెటినాయిక్ యాసిడ్ 1 మైక్రోమోలార్ (మందు ఎంత గాఢంగా ఉందో చెప్పే కొలత, మిల్లీమోలార్‌లో వెయ్యో వంతు). రెండు, అదే ప్లస్ కర్కుమిన్ (1, 5, 10, 20 మైక్రోమోలార్). మూడు, వెహికిల్ కంట్రోల్, అంటే పోల్చి చూడ్డానికి మందు లేకుండా ఉత్త సాల్వెంట్ (మందుని కరిగించే ద్రవం, ఇక్కడ డీఎంఎస్‌ఓ). రెటినాయిక్ యాసిడ్‌కి వెలుతురు పడదు కాబట్టి హుడ్ లైటు ఆర్పేసి, ట్యూబులకి ఫాయిల్ చుట్టి, చీకట్లో గుడ్డిగా పిపెట్ చేశా. ఒక్క మైక్రోలీటర్ తీసి 10 ఎమ్మెల్‌లో వేయడమంటే చెయ్యి వణికితే డోసు మారిపోతుంది, అందుకని 100 మైక్రోమోలార్ వర్కింగ్ స్టాక్ చేసుకున్నా, మళ్ళీ డీఎంఎస్‌ఓలోనే పలచబరిచి, 10 ఎమ్మెల్‌కి 100 మైక్రోలీటర్లు వేస్తే సరిగ్గా 1 మైక్రోమోలార్. చాలా తెలివిగా చేశాననుకున్నా. కంట్రోల్‌కి కూడా ఖచ్చితంగా 100 మైక్రోలీటర్ల ఉత్త డీఎంఎస్‌ఓ. పుస్తకంలో చెప్పినట్టే, మ్యాచింగ్ కంట్రోల్.

ఏమీ వేయని ప్లేటు పెట్టలేదు. మీడియాలో కలిపే సీరం అయిపోవస్తోంది, కొత్త బాటిల్ ఆర్డర్ సంతకాల్లో ఉంది, ఇంకో ప్లేటు ఎందుకులే దండగ అనిపించింది.

జనవరి 12

రోజు 4. ఉండలు తీసి మామూలు కల్చర్ ప్లేట్లలోకి మార్చేశా, ఇప్పుడు మందు లేదు సాల్వెంట్ లేదు, ఉత్త మీడియా. ఇక్కడి నుంచి వాటంతట అవే పరుచుకుంటాయి. రేపు భోగి, ఈ రాత్రి బస్సుకి ఊరెళ్తున్నా, మీడియా మార్చడం సీనియర్ అక్కకి అప్పగించా. బదులుగా అరిసెలు తేవాలట, అదీ బెల్లంవే, చక్కెరవి తెస్తే మీడియా మార్చనంది.

జనవరి 16

ఊళ్ళో ఉన్నా. ముక్కనుమ భోజనాలయ్యి అరుగు మీద కూర్చుంటే అక్క ఫోన్. "ఏమే, నీ కంట్రోల్‌కి గుండె వచ్చిందే!" అంది. నాకు అర్థం కాలా. వాట్సాప్‌లో వీడియో పంపింది, మైక్రోస్కోప్ ఐపీస్‌కి ఫోన్ ఆనించి తీసింది, ఊగుతోంది వీడియో, ముందు ఆ ఊగడమే అనుకున్నా. తర్వాత జాగ్రత్తగా చూస్తే పక్కనున్న కణాలన్నీ కదలకుండా ఉన్నాయి, మధ్యలో ఒక మడత మాత్రం లాగుతోంది, వదుల్తోంది, మళ్ళీ లాగుతోంది. సెకనుకి ఒకటి కన్నా కొంచెం తక్కువ. ఒక పద్ధతి ప్రకారం.

నానమ్మ పక్కనుంచి తొంగి చూసి ఏంటే అది, చేప మొప్పా అంది. ఎలుక కణాలు నానమ్మా, గిన్నెలో పెంచుతున్నాం, గుండె కండరం అయ్యాయి అంటే, మరి ఎలుక ఏదీ అని అడిగింది. నిజానికి చాలా సరైన ప్రశ్న, జవాబు చెప్పడానికి పావుగంట పట్టింది.

రెటినాయిక్ యాసిడ్ ప్లేట్లలో న్యూరాన్లు వచ్చాయట, సన్నటి పొడుగు తీగలు. అవి రావాల్సినవే. కానీ ఏ మందూ వేయని ప్లేటులో గుండె ఎందుకొచ్చింది?

జనవరి 18

ల్యాబ్. కంట్రోల్ కణాలున్న 12 వెల్స్‌లో (ప్లేటులోని గుంటలు) 7 కొట్టుకుంటున్నాయి. కాసేపు ఊరికే చూస్తూ కూర్చున్నా, నిజం చెప్తే పని మానేసి చూశా. ఇంక్యుబేటర్‌లోంచి తీసి బయట ఎక్కువసేపు పెడితే చల్లబడి నెమ్మదిస్తాయి, మళ్ళీ లోపల పెట్టి అరగంటకి తీస్తే హుషారుగా మొదలెడతాయి.

తర్వాత కాగితం పెన్ను తీసి లెక్క వేశా, ఈ లెక్క మొదటి రోజే వేయాల్సింది. 10 ఎమ్మెల్‌లో 100 మైక్రోలీటర్లు అంటే 1 శాతం. డీఎంఎస్‌ఓ డెన్సిటీ 1.1, మాలిక్యులర్ వెయిట్ 78. అంటే 1 శాతం డీఎంఎస్‌ఓ అంటే దాదాపు 141 మిల్లీమోలార్. నేను మందు అనుకుంటున్నది 1 మైక్రోమోలార్. ఒక్కో రెటినాయిక్ యాసిడ్ మాలిక్యూల్‌కి లక్షా నలభై వేల డీఎంఎస్‌ఓ మాలిక్యూళ్ళు! పులుసులో చిటికెడు ఇంగువ వేసి, పులుసంతా ఇంగువే అన్నట్టుంది నా ఎక్స్‌పెరిమెంట్. అందరూ సేఫ్ అనే 0.1 శాతం తీసుకున్నా 14 మిల్లీమోలార్. శాతాల్లో రాస్తే చాలా కొంచెం అనిపిస్తుంది, మందుకి వాడే యూనిట్లలోనే సాల్వెంట్‌ని కూడా రాస్తే కళ్ళు తిరుగుతాయి. మందుని మైక్రోమోలార్‌లో, సాల్వెంట్‌ని శాతంలో రాసే అలవాటే సగం మోసం అని నా అభిప్రాయం.

జనవరి 20

ల్యాబ్ మీటింగ్. వీడియో చూపించా. సార్ నవ్వారు, ముందు కోప్పడతారేమో అనుకున్నా. "కంట్రోల్ మ్యాచ్ చేసినవ్ కదా, తప్పు లేదు" అన్నారు, ఒక నిమిషం ఆగి "కానీ అది కంట్రోల్ కాదమ్మా, అది ఇంకో ఎక్స్‌పెరిమెంట్" అన్నారు. 1982 నేచర్ పేపర్ చదివావా అని అడిగారు. చదివానండి అన్నా. రెటినాయిక్ యాసిడ్ సగం వరకే చదివా, అది చెప్పలేదు.

ఇప్పుడు పూర్తిగా చదివా. కెనడాలో మెక్‌బర్నీ వాళ్ళ గ్రూపు, ఇవే పీ19 కణాలు. వాళ్ళు చెప్పిందే అది, రెటినాయిక్ యాసిడ్ ఇస్తే న్యూరాన్లు, డీఎంఎస్‌ఓ ఇస్తే గుండె కండరం, ఒంటి కండరం. డీఎంఎస్‌ఓ వాళ్ళకి సాల్వెంట్ కాదు, అదే మందు. 0.5 నుంచి 1 శాతం. నేను సరిగ్గా వాళ్ళ రెసిపీ వండి, దానికి "కంట్రోల్" అని లేబుల్ అతికించా.

దీనివల్ల అసలు నష్టం ఎక్కడంటే, న్యూరాన్ జీన్లు ఎన్ని రెట్లు పెరిగాయి అని ఆర్‌టీ-పీసీఆర్‌లో లెక్కేసేది కంట్రోల్‌తో పోల్చి. నా కంట్రోల్ ఏమో మారని స్టెమ్ సెల్ కాదు, సగం గుండె అయిపోయిన గుంపు. అంటే నేను న్యూరాన్‌ని గుండెతో పోల్చి, ఆ తేడా అంతా రెటినాయిక్ యాసిడ్ ఖాతాలో రాస్తున్నా. ఇక్కడ గుండె కొట్టుకుంది కాబట్టి కంటికి కనబడింది. అదే కాలేయం కణాల వైపో కొవ్వు వైపో కొంచెం జరిగి ఉంటే ఎవరికి తెలిసేది, గ్రాఫ్ అందంగా వచ్చేది, థీసిస్‌లో పెట్టేదాన్ని.

జనవరి 24

మూడు రాత్రులు చదివా. ఇది కొత్త సంగతేం కాదు, పాత సంగతి, అందరం మర్చిపోయి కూర్చున్నాం అంతే.

డీఎంఎస్‌ఓని మొదట చేసింది 1866లో, రష్యన్ కెమిస్ట్ జైత్సెవ్ (ఆర్గానిక్ కెమిస్ట్రీలో సైట్జెఫ్ రూల్ అని బట్టీ పట్టాం కదా, ఆయనే). చాన్నాళ్ళు ఎవరూ పట్టించుకోలా. తర్వాత కాగితం మిల్లుల్లో కలప గుజ్జు చేసేటప్పుడు వచ్చే వ్యర్థం నుంచి చవగ్గా తయారవ్వడం మొదలైంది. 1960ల్లో అమెరికాలో ఆరెగన్‌లో స్టాన్లీ జేకబ్ అనే డాక్టర్ ఇది చర్మంలోంచి ఇట్టే లోపలికి పోతుందని గమనించి నొప్పులకి వాడొచ్చన్నారు, పెద్ద సందడి అయింది, 1965లో జంతువుల కంటి లెన్సులో మార్పులు కనబడితే అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ట్రయల్స్ ఆపేసింది, మళ్ళీ 1978లో ఒక మూత్రాశయం జబ్బుకి మాత్రం అనుమతి ఇచ్చింది. అంటే దీన్ని కొన్నాళ్ళు మందుగా పరీక్షించి, భయపడి ఆపి, తర్వాత ఒక జబ్బుకి ఒప్పుకున్నారు. అలాంటిదాన్ని మనం రోజూ కణాల మీద పోసి "ఏమీ వేయలేదు" అని రాసుకుంటున్నాం.

1971లో షార్లెట్ ఫ్రెండ్ గ్రూపు చేసింది ఇంకా బాగుంటుంది. చిట్టెలుక లుకేమియా కణాలకి డీఎంఎస్‌ఓ ఇస్తే అవి హీమోగ్లోబిన్ చేయడం మొదలెట్టాయి, క్యాన్సర్ కణాలు కాస్తా ఎర్ర రక్తకణాల దారి పట్టాయి. 1970ల చివర్లో మనుషుల లుకేమియా కణాలు హెచ్‌ఎల్-60 అదే డీఎంఎస్‌ఓతో తెల్ల రక్తకణాల్లా మారాయి. కాలేయం వాళ్ళు వాడే హెపాఆర్‌జీ కణాలకైతే 2 శాతం డీఎంఎస్‌ఓ ప్రోటోకాల్‌లోనే ఉంది, అది లేకపోతే అవి కాలేయంలా ప్రవర్తించవు. 2013లో హార్వర్డ్‌లో మెల్టన్ ల్యాబ్ నుంచి సుందరి చెట్టి వాళ్ళ పేపర్ ఉంది, మనిషి ప్లూరిపొటెంట్ (ఏదైనా అవ్వగల) కణాలకి ఒక్క రోజు ముందుగా 1, 2 శాతం డీఎంఎస్‌ఓ పెట్టి తీసేస్తే, తర్వాత ఏ వైపు నడిపించినా బాగా నడుస్తాయట. కణం రెండుగా చీలే పనికి ముందుండే జీ1 దశలో ఆగడం, ఆ చీలికకి బ్రేకు వేసే ఆర్‌బీ ప్రొటీన్ పనిలోకి దిగడం, అదీ కారణం అంటారు. ఎప్పుడూ పరిగెత్తే పిల్లాడిని కాసేపు కూర్చోబెడితే మాట వింటాడు, అలాంటిదేమో.

ఇక 2019లో నెదర్లాండ్స్‌లో మాస్ట్రిక్ట్ వాళ్ళు చేసిన పనైతే నిద్రపట్టనివ్వలేదు. మనిషి గుండె, కాలేయం కణాల బుల్లి 3డీ ఉండలకి 0.1 శాతం, అవును 0.1 మాత్రమే, ఇచ్చి చూస్తే 2000కి పైగా జీన్ల పనితీరు మారింది. గుండె ఉండల్లో అయితే జీన్ల పనిని అదుపు చేసే మైక్రోఆర్‌ఎన్‌ఏలు పెద్ద ఎత్తున తారుమారయ్యాయి, డీఎన్‌ఏ మీద మిథైల్ గుర్తులు పెట్టే ఏర్పాటు కూడా చెదిరినట్టు కనబడింది. కాలేయం ఉండల్లో ఆ మిథైల్ మార్పు చెప్పుకోదగ్గంత లేదు. ఒకే సాల్వెంట్, ఒకే డోసు, కణాన్ని బట్టి ఫలితం వేరు. అంటే పక్క ల్యాబ్ వాళ్ళ కణాల్లో 0.1 శాతం ఏమీ చేయలేదని నా కణాల్లో కూడా చేయదని నేను అనుకోడానికి లేదు.

ఫిబ్రవరి 2

సీరం వచ్చింది! ఇప్పుడు డీఎంఎస్‌ఓనే మందు అనుకుని డోస్ సిరీస్: 0, 0.01, 0.1, 0.25, 0.5, 1 శాతం. ఈసారి సున్నా ప్లేటు మొట్టమొదట వేశా, పెద్ద అక్షరాలతో "ఏమీ లేదు" అని రాసి.

మొదట్లోనే ఒక వెధవ పని. డీఎంఎస్‌ఓని స్టెరైల్ చేద్దామని సిరంజి ఫిల్టర్‌లోంచి నెట్టా, చేతికందిన సెల్యులోజ్ ఎసిటేట్ ఫిల్టర్. మొదట గట్టిగా ఉంది, ఉన్నట్టుండి సిరంజి సర్రున దిగిపోయింది, ఫిల్టర్ పొరే కరిగిపోయింది! నైలాన్‌దో పీటీఎఫ్‌ఈదో వాడాలి దీనికి. ఆ కరిగిన ప్లాస్టిక్ రసం కణాలకి పోయకముందే తెలిసింది, అదృష్టం. పాలీస్టైరిన్ ట్యూబుల్లో కూడా దీన్ని నిల్వ పెట్టకూడదు, పాలీప్రొపిలీన్ లేదా గాజు. ఇన్నాళ్ళూ స్టాకులు దేన్లో పెట్టామో ఎవరు చూశారు.

ఇంకోటి. డీఎంఎస్‌ఓ మీడియా కన్నా బరువు. పైనుంచి చుక్క వేసి వదిలేస్తే కలవదు, పాకం నీళ్ళల్లో వేస్తే తీగల్లా కిందకి జారుతుంది చూడండి, అలా తీగలు తీగలుగా జారి అడుగున కణాల మీద కూర్చుంటుంది. లెక్క ప్రకారం 0.5 శాతమే, కానీ చుక్క పడ్డ చోట ఆ క్షణానికి ఎన్నో రెట్లు. కావాలని ఒక అతుక్కున్న ప్లేటులో కలపకుండా చుక్క వేసి చూశా, మర్నాడు మైక్రోస్కోప్ కింద చుక్క పడ్డ చోట గుండ్రంగా కణాలు లేచిపోయి ఖాళీ, చుట్టూ మామూలే. ముగ్గులో చుక్క చెరిపేసినట్టు. ఇలాంటి ప్లేటులో సెల్స్ ఎన్ని బతికాయి అని లెక్కేస్తే అది మందు విషమా, నా పిపెట్టింగా? అందుకని ఇప్పుడు మీడియాలో ముందే విడిగా కలిపి, గోరువెచ్చగా ఉంటే (నీళ్ళతో కలిసినప్పుడు ఇది వేడి పుట్టిస్తుంది, ట్యూబు పట్టుకుంటే తెలుస్తుంది) అది చల్లారాక, అప్పుడు కణాలకి ఇస్తున్నా.

గ్లవ్స్ గురించి ఒక మాట. మొన్న గ్లవ్ మీద పడి పట్టించుకోలేదు, కాసేపటికి నోట్లో వెల్లుల్లి రుచి. అన్నంలో వెల్లుల్లి కారం తిన్నట్టే. ఒంట్లోకి పోయి డైమిథైల్ సల్ఫైడ్‌గా మారి ఊపిరిలో వస్తుంది. బోన్ మ్యారో మార్పిడి వార్డుల్లో స్టెమ్ సెల్స్ ఎక్కించిన రోజు రోగుల దగ్గర వచ్చే వాసన ఇదే, ఫ్రీజ్ చేసిన కణాల్లోని డీఎంఎస్‌ఓది. నాకు రుచి వరకే, కానీ అందులో కరిగించిన మందు కూడా దాంతోపాటు లోపలికి పోగలదు, అదీ భయం. పడితే వెంటనే గ్లవ్ మార్చెయ్యాలి.

ఫిబ్రవరి 12

రోజు 10. 0.5లో కొట్టుకుంటున్నాయి, 1లో ఇంకా బాగా కొట్టుకుంటున్నాయి. 0.25లో ఒకే ఒక్క వెల్‌లో సందేహంగా ఏదో కదిలింది, అక్క అవును అంది, నేను కాదన్నా, రాయలేదు. 0.1, 0.01, సున్నా మూడూ కంటికి ఒకటే. కానీ పీసీఆర్‌లో 0.1 దగ్గర గాటా4 (గుండె కణాలు తయారవ్వడంలో పనిచేసే జీన్) కొంచెం లేచింది, సున్నాతో పోలిస్తే. కొంచెమే. ఒక్కసారి చేసిన పనిని నమ్మి ఏమీ రాయను, మళ్ళీ చేయాలి.

ఫిబ్రవరి 15

డీఎంఎస్‌ఓ వద్దు ఇథనాల్ వాడదాం అని అందరూ ఇచ్చే సలహా. రెటినాయిక్ యాసిడ్ 1 మిల్లీమోలార్ ఇథనాల్‌లో చేసి, వెయ్యికి ఒకటి వేస్తే 0.1 శాతం. సరే అని మళ్ళీ కాగితం మీద లెక్క. 0.1 శాతం ఇథనాల్ అంటే 100 ఎమ్మెల్‌కి దాదాపు 79 మిల్లీగ్రాములు. మన దేశంలో డ్రంక్ అండ్ డ్రైవ్ పరిమితి 100 ఎమ్మెల్ రక్తానికి 30 మిల్లీగ్రాములు. అంటే నా కణాలు బండెక్కితే పోలీసులు పట్టుకుని కౌన్సెలింగ్‌కి పంపించేంత మందు మీద ఉన్నాయి, రెండు రెట్లు దాటి! అదీ నేను చూసేది న్యూరాన్లు ఎలా తయారవుతాయి అని, గర్భంలో పిల్లల మెదడుకి మద్యం ఏం చేస్తుందో తెలిసిందే. పైగా ఒంట్లో విటమిన్ ఏ నుంచి రెటినాయిక్ యాసిడ్ చేసే ఎంజైములూ ఆల్కహాల్‌ని విరిచే ఎంజైములూ ఒకే కుటుంబం. ఇక ఇది తటస్థం అని ఏ మొహంతో రాయాలి.

అయినా పెట్టి చూశా. ఇంకో తలనొప్పి, 37 డిగ్రీల్లో ఆవిరైపోతుంది, ప్లేటు అంచున ఉన్న వెల్స్ ముందు ఖాళీ అవుతాయి, ఆవిరి పక్క వెల్‌లోకి కూడా పోతుంది కాబట్టి ఏమీ వేయని వెల్ కూడా మడిగా ఉండదు. వదిలేశా.

ఫిబ్రవరి 21

ఇప్పుడు పద్ధతి ఇది. రెటినాయిక్ యాసిడ్ 10 మిల్లీమోలార్ స్టాక్ డీఎంఎస్‌ఓలో, దాన్ని మళ్ళీ డీఎంఎస్‌ఓలో పలచన చేయకుండా సీరం ఉన్న మీడియాలో ముందు వందకి ఒకటి, వాడే ముందు మళ్ళీ వందకి ఒకటి. చివరికి డీఎంఎస్‌ఓ 0.01 శాతమే. చెయ్యి వణికే సమస్యా పోయింది. జనవరిలోనే ఇలా చేసి ఉంటే నానమ్మకి పావుగంట పాఠం తప్పేది.

కర్కుమిన్‌తో ఇంకో పొరపాటు బయటపడింది, ఇది చాలామంది చేసేదే అనుకుంటా, మందుల టెస్టింగ్‌లో. నా దగ్గర ఒకటే స్టాక్, 10 మిల్లీమోలార్. 1 మైక్రోమోలార్ కావాలంటే కొంచెం, 20 కావాలంటే ఎక్కువ, అలా వేస్తూ పోయా. అంటే 1 దగ్గర డీఎంఎస్‌ఓ 0.01 శాతం, 20 దగ్గర 0.2 శాతం. మందు డోసు పెరుగుతున్న కొద్దీ సాల్వెంట్ కూడా దాని తోకలా పెరుగుతోంది. గ్రాఫ్‌లో గీత చక్కగా కిందకి దిగుతుంది, కర్కుమిన్ డోసుని బట్టి న్యూరాన్లు తగ్గుతున్నాయి అని రాసేస్తాం. ఆ వంపులో కర్కుమిన్ వాటా ఎంత, డీఎంఎస్‌ఓ వాటా ఎంత, విడదీసే దారే లేదు. ఇప్పుడు 1, 5, 10, 20 మిల్లీమోలార్ నాలుగు స్టాకులు విడివిడిగా ఉత్త డీఎంఎస్‌ఓలో చేసి, అన్నిటి నుంచీ వెయ్యికి ఒకటే వేస్తున్నా. అన్ని ప్లేట్లలో 0.1 శాతం, రెటినాయిక్ యాసిడ్‌ది కలిపి 0.11. సున్నా కర్కుమిన్ ప్లేటులో కూడా అదే 0.11. దాని పక్కన "ఏమీ లేదు" ప్లేటు.

కర్కుమిన్‌తో మిగతా కష్టాలు వేరే, మీడియాలో పీహెచ్ దగ్గర నిమిషాల్లో విరిగిపోవడం మొదలెడుతుంది, సీరం ఉంటే కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది, పైగా దానంతట అదే ఆకుపచ్చగా మెరుస్తుంది, న్యూరాన్లని గుర్తుపట్టే యాంటీబాడీకి గ్రీన్ డై పెడితే న్యూరాన్ మెరుస్తోందా పసుపు మెరుస్తోందా తెలీదు. రెడ్‌కి మారా. దాని గురించి ఇంకోసారి.

ఫిబ్రవరి 26

పక్క బెంచ్ అబ్బాయి సిస్‌ప్లాటిన్ అనే క్యాన్సర్ మందు ఎంత వేసినా క్యాన్సర్ కణాలు చావట్లేదు, రెసిస్టెన్స్ వచ్చింది అని సంబరంగా చెప్పాడు. దేన్లో కరిగించావు తమ్ముడూ అన్నా. డీఎంఎస్‌ఓ అన్నాడు. అయ్యో. సిస్‌ప్లాటిన్‌లో ప్లాటినమ్‌కి రెండు క్లోరైడ్‌లు ఉంటాయి, డీఎంఎస్‌ఓలోని సల్ఫర్ వెళ్ళి ఆ క్లోరైడ్‌ని తోసేసి దాని సీట్లో కూర్చుంటుంది, ఇక మందు మందు కాదు. 2014లో దీని మీద పేపర్ కూడా వచ్చింది, అప్పటికే ఎన్నో పేపర్లలో ఇలా డీఎంఎస్‌ఓలోనే కరిగించారని చూపించారు. సెలైన్‌లో కరిగించాలి, క్లోరైడ్ ఉన్న నీళ్ళల్లో. వాడి రెసిస్టెంట్ కణాలు సెలైన్ స్టాక్‌తో మూడు రోజుల్లో పోయాయి. రెండు రోజులు నాతో మాట్లాడలేదు, తర్వాత టీ తెచ్చాడు.

నా విషయంలో సాల్వెంట్ తనే మందైంది, వాడి విషయంలో మందుని చంపేసింది. నీళ్ళల్లో కరిగేవాటికి కూడా అలవాటు కొద్దీ డీఎంఎస్‌ఓ వాడేస్తున్నాం. సోడియం వాల్‌ప్రోయేట్, మూర్ఛ మందు, గర్భంలో ఇస్తే పిండానికి హాని చేసేది, నా పాజిటివ్ కంట్రోల్‌గా (ప్రభావం ఉంటుందని ముందే తెలిసిన పోలిక) పెట్టుకుందాం అనుకుంటున్నా, అది నీళ్ళల్లో హాయిగా కరుగుతుంది, కానీ మా ఫ్రీజర్‌లో దాని స్టాక్ మీద కూడా డీఎంఎస్‌ఓ అనే రాసుంది. ఎవరు చేశారో, ఎందుకో.

మార్చి 6

ఫ్రీజర్ బాక్సు మొత్తం తీసి కూర్చున్నా. ప్రతి ట్యూబు మీద మందు పేరు, తారీఖు, మోలారిటీ ఉన్నాయి. సాల్వెంట్ ఏంటో రాసినవి సగం కూడా లేవు. కొన్నిట్లో అడుగున గింజలు కట్టాయి, పదేపదే కరిగించి గడ్డకట్టించి తడి పీల్చుకుని మందు బయటపడిపోయింది, అంటే పైన రాసిన మోలారిటీ ఉత్త కాగితమే. ఇప్పుడు చిన్న చిన్న ట్యూబుల్లో పంచి పెడుతున్నా, ఒకసారి కరిగిస్తే వాడి పారేయడమే. ఎక్సెల్‌లో కొత్త కాలమ్ పెట్టా: సాల్వెంట్ చివరికి ఎంత, మిల్లీమోలార్‌లో. సార్ చూసి "శాతంలో కూడా పెట్టు, రివ్యూయర్లు అడుగుతరు" అన్నారు. రెండూ పెట్టా.

చివరికి ఎమ్‌టీటీ అనే పరీక్ష కూడా మొదలెట్టాం, బతికున్న కణాలు ఎన్ని అని చూడ్డానికి. ఆ ఊదారంగు గింజల్ని ఆఖర్న కరిగించడానికి ఏం పోస్తారో తెలుసు కదా. డీఎంఎస్‌ఓనే. అక్కడ పర్లేదు, అప్పటికి కణాల పని ఎలాగూ అయిపోయింది.

మార్చి 13

0.1 దగ్గర గాటా4 రెండోసారి కూడా లేచింది, మొదటిసారి కన్నా తక్కువ, కానీ లేచింది. కొట్టుకోవడం మాత్రం లేదు, గంటసేపు చూశా. కర్కుమిన్ 20 దగ్గర న్యూరాన్లు తగ్గడం డీఎంఎస్‌ఓ సమానం చేశాక కూడా ఉంది, 10 దగ్గర తగ్గినట్టు అనిపించింది మాత్రం ఇప్పుడు కనబడట్లేదు. అంటే జనవరి గ్రాఫ్‌లో ఆ 10 దగ్గరి వంపు సాల్వెంట్‌దే అయ్యుండొచ్చు, లేదా అప్పటి 1 శాతం గందరగోళానిది. ఆ డేటా మొత్తం వేరే ఫోల్డర్‌లో పడేశా, డిలీట్ చేయలేదు, ఆ కంట్రోల్ వీడియో అందులోనే ఉంది.

మూడో రౌండ్ కణాలు సాయంత్రం ఐదింటికి పేట్రీల్లో వేశా, ఎనిమిది ప్లేట్లు, మొదటిది "ఏమీ లేదు". ఎల్లుండి మీడియా మార్చాలి, లిఫ్ట్ పనిచేయట్లేదు, నాలుగో అంతస్తు.